పాత పెట్రోలు జీపు, కారు స్టార్టు కానప్పుడు లోపము కనుగొను క్రమము

వ్యవసాయాధికారి, బి.యస్సి. (వ్యవసాయము)

చేలో ఆకులు పసుపు పచ్చగా మారినప్పుడు తెలివిగల రైతు వెంటనే ఎరువు బస్తా విప్పడు. మొదట మడిలో నీరు నిలిచినదేమో చూచును. తరువాత ఒక మొక్కను పెరికి వేరు చూచును, ఆకు వెనుకకు త్రిప్పి పురుగు చూచును. కారణము తెలిసిన పిదపనే డబ్బు ఖర్చు పెట్టును. కాని అదే రైతు తన పాత జీపు స్టార్టు కాని రోజున ఈ ఓర్పును మరచిపోవుచున్నాడు. ముందు క్రొత్త బ్యాటరీ కొనును. అప్పటికిని కదలకున్న కాయిలు మార్చును, తరువాత కార్బొరేటరు విప్పించును. చివరకు తేలునది ఊడిపోయిన ఒక తీగయో, మసి పట్టిన పాయింట్లో అగును.

మన పల్లెలలో ఇటువంటి బండ్లు నేటికిని కొన్ని తిరుగుచున్నవి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప బ్లాకు జీపు గ్రామస్థులకు పరిచయమైన బండి అయినది. హిందుస్థాన్ మోటార్సు వారి అంబాసిడరు కారు 1957 నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైనది. ఈ వ్యాసము పాయింట్లు, కండెన్సరు గల పాత పెట్రోలు జీపులకు, అంబాసిడర్లకు సంబంధించినది. డీజిలు బండ్లకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషను అమర్చిన బండ్లకు దీనిలోని పాయింట్ల భాగము వర్తింపదు. పాయింట్లుగల పాత పెట్రోలు పంపుసెట్టు ఉన్నవారికి కూడ ఇందులో పనికివచ్చు సంగతులు కలవు.

మొదట ప్రాణరక్షణ

పని మొదలుపెట్టుటకు ముందు ఈ జాగ్రత్తలు తీసుకొనవలెను. ఇవి పాటింపని వారికే చేతులు విరుగుట, కాలుట జరుగుచున్నవి.

బండిని న్యూట్రలులో ఉంచి హేండ్ బ్రేకు వేయవలెను. చక్రముల క్రింద రాయి పెట్టవలెను. చేతి ఉంగరము, గడియారము తీసివేయవలెను. పైపంచె, తువ్వాలు భుజము మీద ఉంచుకొనరాదు. ఫ్యాను పట్టుకొన్నచో మెడకే ప్రమాదము. బ్యాటరీ దగ్గరను, పెట్రోలు దగ్గరను బీడీ, చుట్ట, అగ్గిపుల్ల పనికిరావు. ఛార్జి అగుచున్న బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును. అది నిప్పురవ్వకు పేలును. మూసిన కొట్టములో ఇంజను నడపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మనిషి నిద్రపోవునట్లే పోవును.

హేండిలు త్రిప్పువారు ఒక్క సంగతి మరువరాదు. బొటనవ్రేలిని హేండిలు చుట్టూ బిగింపక, తక్కిన నాలుగు వ్రేళ్ళ ప్రక్కనే ఉంచవలెను. హేండిలును క్రిందినుండి పైకి లాగవలెనే గాని పైనుండి క్రిందికి బలముగా త్రొక్కరాదు. టైమింగు ముందుకు జరిగి ఉన్న ఇంజను ఎదురుతిరిగి తన్నును. అప్పుడు బొటనవ్రేలు లోపల ఉన్నవానికి మణికట్టు విరుగును. బయట ఉన్నవాని చేయి హేండిలు నుండి జారి తప్పించుకొనును. అమెరికాలో 1912 నాటి కాడిలాక్ కారుకు మొదట విద్యుత్ సెల్ఫు అమర్చుటకు ఈ హేండిలు బాధ కూడ ఒక కారణము.

మంట ఎట్లు పుట్టును?

ఇంజను నడచుటకు మూడు కావలెను: సిలిండరులో పెట్రోలు కలిసిన గాలి, దానిని నొక్కు బలము, సరియైన సమయమునకు ఒక నిప్పురవ్వ. ఈ నిప్పురవ్వ ఎట్లు పుట్టునో తెలిసినవానికి సగము రిపేరు తెలిసినట్లే.

బ్యాటరీ ఇచ్చునది 12 వోల్టులు మాత్రమే. కొన్ని తొలినాటి జీపులకు 6 వోల్టులే. ఇంత తక్కువ వోల్టేజి ప్లగ్గు సందును దాటజాలదు. మీ మోటారు పైపులో నీరు వేగముగా పోవుచుండగా వాల్వును ఒక్కసారిగా మూసినచో పైపు దడాలున అదరుట మీరు చూచియే ఉందురు. ప్రవాహము హఠాత్తుగా ఆగినందున పుట్టిన ఒత్తిడి అది. కాయిలులో జరుగునదియు ఇట్టిదే. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిలు లోపలి లావు తీగ చుట్టలో కరెంటు పారును. డిస్ట్రిబ్యూటరు లోపలి కామ్ పాయింట్లను విడదీయగానే ఆ కరెంటు ఒక్కసారిగా తెగును. ఆ దెబ్బకు సన్నని తీగ చుట్టలో వేలకొలది వోల్టులు పుట్టును. అది నడిమి తీగ ద్వారా డిస్ట్రిబ్యూటరు మూతకు, అక్కడినుండి రోటరు ద్వారా వరుస ప్రకారము ఒక్కొక్క ప్లగ్గుకు చేరును.

కండెన్సరు చేయు పని పాయింట్ల వద్ద కరెంటు తటాలున తెగునట్లు చూచుట. అది చెడినచో కరెంటు తెగుటకు బదులు పాయింట్ల మధ్యనే మెరసి వృథా అగును. పాయింట్లు త్వరగా కాలిపోవును, ప్లగ్గు వద్ద నిప్పురవ్వ నీరసపడును.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ఈ పాయింట్లు సెకనుకు 100 సార్లు విడివడి కలియుచుండును. కనుకనే అవి అరుగును. అరుగుట వాని లోపము కాదు. మనము చూడకుండుటయే లోపము.

మొదటి ప్రశ్న: సెల్ఫు తిరుగుచున్నదా?

సెల్ఫు తిరుగనిచో ప్లగ్గుల జోలికి పోవలసిన పని లేదు. హెడ్ లైట్లు వేసి, ఒకరు వాని ముందు నిలిచి చూచుచుండగా మరొకరు సెల్ఫు నొక్కవలెను.

లైట్లు మొదటినుండియే మసకగా ఉన్నచో బ్యాటరీ దిగిపోయినది. లైట్లు బాగుగా వెలుగుచుండి, సెల్ఫు నొక్కగానే పూర్తిగా ఆరిపోయినచో బ్యాటరీ కొనల వద్ద పట్టు లేదు. లైట్లలో మార్పే లేనిచో కరెంటు సెల్ఫుకు పోవుట లేదు. స్విచ్చి, సాలినాయిడు, వాని తీగలు చూడవలెను. లైట్లు బాగుగా తగ్గియు సెల్ఫు కదలనిచో, దాని పన్ను ఫ్లైవీలు పండ్లలో ఇరుక్కొని ఉండవచ్చును. అప్పుడు ఇగ్నిషను ఆపి, టాప్ గేరు వేసి, హేండ్ బ్రేకు తీసి, బండిని ముందుకు వెనుకకు ఊపవలెను. టక్కుమని విడిపోవును. అంబాసిడరు సెల్ఫు మోటారు కడ్డీ చివర చదరముగా ఉన్నచో దానిని పానాతో త్రిప్పియు విడిపింపవచ్చును.

బ్యాటరీ కొనలమీద తెల్లని, పచ్చని బూజు పేరుకొనుట సర్వసాధారణము. మొదట ఎర్తు తీగ విప్పి, తరువాత రెండవది విప్పవలెను. వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, గరుకు కాగితముతో మెరయునట్లు రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజలైను పూయవలెను. సోడానీరు బ్యాటరీ లోపలికి పోనీయరాదు. బిగించునప్పుడు ఎర్తు తీగ చివరది కావలెను.

ఇంజనుకును ఛాసిస్సుకును మధ్యనున్న అల్లిక ఎర్తు పట్టీని చాలమంది చూడరు. అది తెగినచో కరెంటు దారి వెదకుకొని చోకు తీగ గుండా పోవును. సెల్ఫు నొక్కిన తరువాత చోకు తీగ వేడిగా తగిలినచో ఎర్తు పట్టీ తెగినదని గ్రహింపవలెను.

హైడ్రోమీటరుతో చూచినచో నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ ద్రవము 1.26 నుండి 1.28 వరకు చూపును. 1.20 దరిదాపులలో సగము ఉన్నట్లు. ఒక గది మాత్రమే తక్కిన వానికంటె బాగా తక్కువ చూపినచో ఆ బ్యాటరీకి ఆయుర్దాయము తక్కువ. ద్రవము తగ్గినప్పుడు డిస్టిల్డు నీరే పోయవలెను. బావి నీరు, బోరు నీరు పనికిరావు.

మరియొక బండి బ్యాటరీతో స్టార్టు చేయదలచినప్పుడు రెండు బ్యాటరీలును ఒకే వోల్టేజివి కావలెను. 6 వోల్టుల జీపునకు 12 వోల్టుల బ్యాటరీ తగిలింపరాదు. కొన్ని పాత బండ్లలో ప్లస్సు కొన ఎర్తుగా ఉండును. తీగలు తగిలించుటకు ముందు ఇది చూచుకొనవలెను. ఏ బండియైనను ప్లస్సుకు ప్లస్సు, మైనసుకు మైనసు. చివరి తీగను దిగిన బ్యాటరీ కొనకు గాక, ఆ బండి ఎర్తు అయిన ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను.

రెండవ ప్రశ్న: నిప్పురవ్వ కలదా?

సెల్ఫు చక్కగా తిరుగుచున్నను ఇంజను అందుకొననిచో, పెట్రోలు వ్యవస్థను ముట్టుకొనక ముందు నిప్పురవ్వను చూడవలెను. ఇది రెండు నిమిషముల పని.

ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, దానికి ఒక మంచి ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగము ఇంజనును తాకునట్లు ఆనించి ఉంచవలెను. చేతితో పట్టుకొనరాదు. పెట్రోలు కారిన చోట ఈ పరీక్ష చేయరాదు. ఇగ్నిషను వేసి సెల్ఫు త్రిప్పవలెను. చిటపటమని నీలపు నిప్పురవ్వ కనిపించినచో మంచిది. పసుపుగా, ఎర్రగా, సన్నగా ఉన్నచో నీరసమైనది. ఏమియు లేనిచో క్రింది వరుసలో వెదకవలెను.

మూత నడుమనున్న లావు తీగను ఊడదీసి, ఎండిన కర్రతోనో, రబ్బరు పిడిగల పట్టకారుతోనో దాని కొన ఇంజను ఇనుముకు అరంగుళములో నాల్గవ వంతు దూరములో ఉంచి సెల్ఫు త్రిప్పవలెను. అక్కడ బలమైన రవ్వ వచ్చుచు ప్లగ్గు వద్ద రానిచో దోషము మూతలో, రోటరులో, ప్లగ్గు తీగలలో కలదు. నడిమి తీగ వద్దనే రానిచో దోషము కాయిలులో, పాయింట్లలో, కండెన్సరులో, వానికి వచ్చు తీగలలో కలదు. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగమునకు తగ్గును.

మూత లోపల పెన్సిలు గీతవంటి నల్లని చార ఉన్నచో కరెంటు ఆ దారిన పారిపోవుచున్నది. మూత మార్చుటయే మార్గము. నడుమనున్న బొగ్గు ముక్క అరిగి పడిపోయినదేమో చూడవలెను. రోటరును అనుమానించినచో దానిని స్థానములోనే ఉంచి, కాయిలు నుండి వచ్చు లావు తీగ కొనను రోటరు ఇత్తడి పలకకు కొంచెము ఎడముగా ఉంచి, పాయింట్లను పుల్లతో విడదీయవలెను. రవ్వ రోటరు మీదికి దుమికినచో దాని లోపల కరెంటు ఎర్తుకు కారుచున్నది; రోటరు మార్చవలెను.

వానకాలమున తెల్లవారుజామున స్టార్టు కాని బండికి ఎక్కువగా ఉండు జబ్బు తేమ. మూత లోపల, తీగల మీద ఎండిన గుడ్డతో తుడిచినచో చాలు. చీకటిలో ఇంజను నడచుచుండగా చూచినచో చెడిన తీగలనుండి నీలి మెరుపులు పాకుట కనిపించును. గడ్డివాము ప్రక్కన, ధాన్యపు కొట్టు ప్రక్కన ఉంచిన బండ్ల తీగలను ఎలుకలు కొరుకుచుండును. తీగ పొడవునా చేతితో తడిమి చూడవలెను. అప్పుడు ఇగ్నిషను ఆపి ఉండవలెను.

దీపము పరీక్ష

పాయింట్ల వైపు దోషము ఉన్నదని తేలినప్పుడు ఖరీదైన పరికరము అవసరము లేదు. బండి వోల్టేజికి సరిపోవు చిన్న బల్బు ఒకటి, రెండు మూరల తీగ చాలును. కాయిలుకు రెండు చిన్న కొనలు ఉండును. ఒకటి స్విచ్చి నుండి వచ్చునది, రెండవది డిస్ట్రిబ్యూటరుకు పోవునది. బల్బు ఒక తీగను డిస్ట్రిబ్యూటరు వైపు కొనకు, రెండవ తీగను ఇంజను ఇనుముకు తగిలించి, ఇగ్నిషను వేసి ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పవలెను.

పాయింట్లు విడినప్పుడు బల్బు వెలిగి, కలిసినప్పుడు ఆరినచో పాయింట్లు పని చేయుచున్నవి. అప్పటికిని రవ్వ లేనిచో కాయిలును గాని, కండెన్సరును గాని అనుమానింపవలెను.

బల్బు ఎప్పుడును వెలుగుచునే ఉన్నచో పాయింట్లు కలియుట లేదు. వాని ముఖములమీద మసి, నూనె ఉండవచ్చును; సందు మిక్కిలి ఎక్కువై ఉండవచ్చును; లోపలి సన్నని తీగ తెగి ఉండవచ్చును.

బల్బు ఎప్పుడును వెలుగనిచో దానిని స్విచ్చి వైపు కొనకు మార్చి చూడవలెను. అక్కడ కూడ వెలుగనిచో కరెంటు కాయిలుకే చేరుట లేదు. స్విచ్చి, తీగ చూడవలెను. అక్కడ వెలిగినచో, డిస్ట్రిబ్యూటరుకు పోవు తీగను కాయిలు నుండి ఊడదీసి మరల రెండవ కొన వద్ద చూడవలెను. ఇప్పుడు వెలిగినచో డిస్ట్రిబ్యూటరు లోపల తీగయో, కండెన్సరో ఎర్తు అయినది. వెలుగనిచో కాయిలు లోపల చుట్ట తెగినది.

పాయింట్లు, ప్లగ్గులు సరిచేయుట

పాయింట్లు స్వల్పముగా మసి పట్టినచో సన్నని ఆకురాయితో సమముగా రుద్ది, తరువాత శుభ్రమైన కాగితపు ముక్కను వాని మధ్య లాగి దుమ్ము తీయవలెను. లోతుగా గుంట పడినవానిని మార్చవలెను. ఇంజనును త్రిప్పి, పాయింట్ల మడమ కామ్ మీది ఎత్తైన చోటికి వచ్చునట్లు నిలిపి, ఫీలరు గేజితో సందు కొలువవలెను.

పాత విల్లీసు తరహా నాలుగు సిలిండర్ల జీపు: పాయింట్ల సందు 0.020 అంగుళము (సుమారు 0.5 మి.మీ.), ప్లగ్గు సందు 0.030 అంగుళము (సుమారు 0.75 మి.మీ.).

1489 సి.సి. పెట్రోలు అంబాసిడరు: పాయింట్ల సందు 0.014 నుండి 0.016 అంగుళము (0.35 నుండి 0.40 మి.మీ.), ప్లగ్గు సందు 0.025 అంగుళము (సుమారు 0.64 మి.మీ.).

రెండింటికిని మంట వరుస 1-3-4-2. రేడియేటరు వైపుది ఒకటవ సిలిండరు. తీగలు విప్పునప్పుడు ఒక్కొక్క దానికి నూలు ముడులు కట్టి గుర్తు పెట్టుకొనవలెను. రెండు తీగలు తారుమారైనచో ఇంజను ఎగశ్వాస పట్టినట్లు దగ్గును, కార్బొరేటరు గుండా తుమ్మును.

పాయింట్ల సందు మారినచో టైమింగు కూడ మారునని గుర్తుంచుకొనవలెను. సందు పెరిగినచో మంట ముందుగా, తగ్గినచో ఆలస్యముగా వచ్చును. కనుక మొదట సందు, తరువాత టైమింగు. ఈ వరుస తిరుగవేయరాదు.

ప్లగ్గు ఇంజను ఆరోగ్యమును చెప్పును. లేత గోధుమ రంగు, బూడిద రంగు మంచివి. పొడి నల్లని మసి పెట్రోలు ఎక్కువగుటను తెలుపును. జిడ్డుగల నలుపు పిస్టను రింగుల అరుగుదలను సూచించును. తెల్లగా కాలినట్లున్నచో వేడి ఎక్కువైనది, లేక పెట్రోలు చాలలేదు. పెట్రోలుతో తడిసి ఉన్నచో రవ్వ లేదు, లేక చోకు ఎక్కువ లాగితిరి.

మూడవ ప్రశ్న: పెట్రోలు చేరుచున్నదా?

రవ్వ బాగున్నదని తేలిన పిదపనే ఇటు రావలెను. ట్యాంకులో పెట్రోలు ఉన్నదా అని మొదట చూచుట సిగ్గుపడవలసిన సంగతి కాదు. ముల్లు చూపునది నమ్మక, శుభ్రమైన పుల్ల వేసి చూడవలెను. తరువాత కార్బొరేటరు వద్ద గొట్టము విప్పి, సీసాలో పట్టుచు, కాయిలు నడిమి తీగను ఇంజనుకు ఎర్తు చేసి సెల్ఫు త్రిప్పవలెను. పంపు మంచిదైనచో పెట్రోలు చిమ్ముచు వచ్చును. రానిచో వడపోత, గొట్టము, పంపు లోపలి డయాఫ్రము చూడవలెను. సీసా అడుగున నీటి బొట్లు వేరుగా నిలిచినచో ట్యాంకు దించి కడుగవలెను.

మన దేశములో పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. ఇథనాలు నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను, డయాఫ్రములను, వాషర్లను మెత్తబరచును. కనుక పాత బండ్లకు ఇథనాలును తట్టుకొను గొట్టములు వేయించుట మంచిది. నెలల తరబడి నిలిపి ఉంచు బండిలో పెట్రోలు నిలువ ఉంచరాదు.

చోకు ఎక్కువై ఇంజను తడిసినచో, చోకు లోపలికి నెట్టి, ఆక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి పట్టి, పది సెకనులు సెల్ఫు త్రిప్పవలెను. పెడలును పదే పదే త్రొక్కరాదు. కొందరు కార్బొరేటరులో చెంబుతో పెట్రోలు పోయుదురు. ఇంజను ఒక్కసారి ఎదురు తుమ్మినచో ఆ మంట ముఖమునకే తగులును. ఈ పని ఎన్నడును చేయరాదు.

వేడెక్కి ఆగిపోవు బండి

చల్లగా ఉన్నప్పుడు స్టార్టు అయి, కొన్ని మైళ్ళు పోయి ఆగి, అరగంట తరువాత మరల నడచు బండి అందరిని మోసగించును. దీనికి కారణములు రెండు విధములు. వేసవిలో పెట్రోలు గొట్టములోనే ఆవిరియై దారి మూసికొనుట ఒకటి. వేడికి కాయిలు గాని, కండెన్సరు గాని చెడుట రెండవది.

ఒక మామిడి తోట రైతు ఇట్లే బాధపడెను. బేరము కుదిరిన కాయను గంపలకెత్తి బయలుదేరిన జీపు దారిలో ప్రతిసారి ఆగిపోయెడిది. ఒక మరమ్మతు కొట్టువారు మొదట పంపు మార్చిరి, తరువాత కార్బొరేటరు మార్చిరి. ఫలితము లేదు. కాయ ఎండలో మగ్గి ధర తగ్గెను. అప్పుడు ఆయనకు నేను చెప్పినది ఒక్కటే: కొట్టములో కాదు, ఆగిన చోటనే, ఆగిన క్షణముననే రవ్వ చూడుడని. మరునాడు దారిలో చూడగా రవ్వ దాదాపు లేదు. పాయింట్ల మధ్య మాత్రము మెరుపు ఎక్కువగా ఉన్నది. కండెన్సరు మార్చగా బండి మార్కెటు వరకు ఆగలేదు. మార్పించిన వస్తువులన్నింటిలో చవకయైనది అదియే.

కనుక ఆగిన వెంటనే రవ్వ చూడవలెను. రవ్వ బలముగా ఉన్నచో పెట్రోలు పంపు మీద, గొట్టము మీద తడిగుడ్డ వేయవలెను. రవ్వ లేనిచో కాయిలు పైభాగము, తీగల కొనలు తడవకుండ దాని ఒంటికి మాత్రము తడిగుడ్డ చుట్టి చూడవలెను. చల్లబడగానే రవ్వ వచ్చినచో కాయిలే దోషి. క్రొత్త కండెన్సర్లలో నాసిరకమువి కలవు. పని చేయుచున్న పాతదానిని పారవేయక బండిలో ఉంచుకొనవలెను.

బండిలో ఉంచుకొనవలసినవి

ఫీలరు గేజి, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవరు, పట్టకారు, తీగలు తగిలించిన చిన్న బల్బు, ఒక ప్లగ్గు, ఒక జత పాయింట్లు, కండెన్సరు, రోటరు, ఎండిన గుడ్డ. ఇవన్నియు ఒక చిన్న సంచిలో పట్టును.

నెలకొకసారి బ్యాటరీ నీరు, కొనల బిగువు చూడవలెను. మూడు నెలలకొకసారి పాయింట్ల సందు కొలిచి, కామ్ మీద పెసరగింజంత గ్రీజు పూయవలెను; ఎక్కువైనచో అది చిమ్మి పాయింట్లను పాడుచేయును. తొలకరికి ముందు మూత, రోటరు, తీగలు చూచుకొనవలెను.

బండి స్టార్టు కాని నాడు ఈ వరుస గుర్తుంచుకొనుడు: సెల్ఫు, నిప్పురవ్వ, పెట్రోలు. ఒక్కసారి ఒక్కదానినే పరీక్షింపుడు. ఒక్కసారి ఒక్కదానినే మార్చుడు. మార్చిన దానిని, తేదీని బండి కాగితములతో పాటు ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడు. రెండవసారి అదే జబ్బు వచ్చినప్పుడు ఆ పుస్తకము మీకు మందు చీటీ వలె ఉపయోగపడును.